మాస్మ్ కోడ్‌ని నాస్మ్‌కీ గ్యాస్‌కీ మార్చాక డేటా అలైన్‌మెంట్ తప్పుతోంది, ఎక్కడెక్కడ చూడాలి?

పాతకోడ్86

32 బిట్ విండోస్ కోసం మాస్మ్‌లో (మైక్రోసాఫ్ట్ అసెంబ్లర్) రాసిన ఆడియో ఫిల్టర్ లైబ్రరీని లినక్స్‌కి తేవాలి. లోపలంతా ఎస్ఎస్ఈ, అంటే ఒకేసారి 16 బైట్ల మీద పనిచేసే ఇన్‌స్ట్రక్షన్లు. దాన్ని నాస్మ్ అనే ఇంకో అసెంబ్లర్‌లోకి మార్చి ఎల్ఫ్32గా (లినక్స్ 32 బిట్ ఆబ్జెక్ట్ ఫార్మాట్) అసెంబుల్ చేస్తున్నాను. మ్యాక్ కోసం డేటా ఫైలుని గ్యాస్ (గ్నూ అసెంబ్లర్) సింటాక్స్‌లో విడిగా రాశాను, అది క్లాంగ్‌తో అసెంబుల్ అవుతోంది. ఇన్‌స్ట్రక్షన్ల డిస్అసెంబ్లీ పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూశాను, సరిపోయింది. తేడా వస్తున్నదంతా డేటా దగ్గరే.

మాస్మ్ అసలు ఇలా ఉంది:

    .686
    .ఎక్స్ఎంఎం
    .మోడల్ ఫ్లాట్, సి
    .డేటా
    పేరు      డిబి "ఫిల్టర్", 0
    అలైన్ 16
    గుణకాలు  రియల్4 0.25, 0.5, 0.5, 0.25

నాస్మ్‌లో ఇలా మార్చాను:

    సెక్షన్ .డేటా
    పేరు:     డిబి "ఫిల్టర్", 0
    అలైన్ 16
    గుణకాలు: డిడి 0.25, 0.5, 0.5, 0.25

సమస్యలు నాలుగు.

ఒకటి: గుణకాల్ని మూవ్‌ఏపీఎస్‌తో (అడ్రస్ 16తో భాగించబడాలని అడిగే ఇన్‌స్ట్రక్షన్) ఎక్స్ఎంఎం0 రిజిస్టర్‌లోకి తెచ్చే చోట సెగ్‌ఫాల్ట్. విచిత్రం ఏమిటంటే చిన్న టెస్ట్ ప్రోగ్రామ్‌తో లింక్ చేస్తే బాగానే నడుస్తుంది, పూర్తి ప్రోగ్రామ్‌లో పడిపోతుంది. సిగ్నల్ వివరాల్లో ఫాల్ట్ అడ్రస్ 0 అని వస్తోంది, కానీ అక్కడ నల్ పాయింటర్ ఏదీ లేదు.

రెండు: సి వైపు నుంచి వచ్చే స్ట్రక్చర్‌లో డబుల్ ఫీల్డ్ చెత్త విలువ చదువుతోంది. పాత బిల్డ్‌లో జెడ్‌పి8 అనే స్విచ్ ఉంది.

మూడు: .బిఎస్ఎస్‌లో (మొదటి విలువలు లేని డేటా సెక్షన్) ఉన్న ప్రతి అలైన్ లైనుకీ నాస్మ్ హెచ్చరిక ఇస్తోంది.

నాలుగు: మ్యాక్ ఆబ్జెక్ట్ ఫైలు మీద ఓటూల్ (ఆబ్జెక్ట్ ఫైలు లోపలిది చూపించే టూల్) నడిపితే డేటా సెక్షన్ అలైన్ 2^16 అని చూపిస్తోంది. నేను రాసింది .అలైన్ 16 మాత్రమే.

నాస్మ్ కాస్త పాత వెర్షన్, మార్చే వీలు ప్రస్తుతానికి లేదు.

---

నిబుల్

ముందు ఆ అడ్రస్ 0 సంగతి, ఎందుకంటే దాని వల్లే చాలామంది తప్పు దారి పడతారు. 16కి భాగించబడని అడ్రస్ మీద మూవ్‌ఏపీఎస్ నడిస్తే ప్రాసెసర్ ఇచ్చేది పేజ్ ఫాల్ట్ కాదు, జనరల్ ప్రొటెక్షన్ ఫాల్ట్. ఆ ఫాల్ట్‌తో పాటు అడ్రస్ రాదు. కాబట్టి లినక్స్ కెర్నెల్ సెగ్‌ఫాల్ట్ సిగ్నల్‌లో అడ్రస్ 0 పెట్టి పంపిస్తుంది. విండోస్‌లో అయితే ఇదే తప్పు "యాక్సెస్ వయొలేషన్"గా, అడ్రస్ అంతా ఎఫ్‌లతో నిండి కనిపిస్తుంది. బస్ ఎర్రర్ వస్తుందేమో అని ఎదురుచూడకండి, ఎస్ఎస్ఈ అలైన్‌మెంట్ తప్పుకి అది రాదు. జీడీబీ డీబగ్గర్‌లో పడిన చోట ఉన్న ఇన్‌స్ట్రక్షన్ చూడండి. అది మూవ్‌ఏపీఎస్, మూవ్‌డీక్యూఏ లాంటిదో, మెమరీ ఆపరాండ్ ఉన్న యాడ్‌పీఎస్, పీఎక్సార్ లాంటిదో అయి, ఫాల్ట్ అడ్రస్ 0 అయి, బేస్ రిజిస్టర్‌లో మాత్రం మామూలు విలువే ఉంటే అది అలైన్‌మెంటే.

ఇక అసలు కారణం. అలైన్ 16 అనేది సెక్షన్ మొదలు నుంచి లెక్క. తుది అడ్రస్ గురించి అది ఏ హామీ ఇవ్వదు. సెక్షన్ మొదలే 16 మీద పడకపోతే లోపల ఎన్ని అలైన్‌లు పెట్టినా వృథా. నాస్మ్ ఎల్ఫ్ ఫార్మాట్‌లో ఏమీ చెప్పకపోతే .టెక్స్ట్‌కి 16 ఇస్తుంది, .డేటాకీ .బిఎస్ఎస్‌కీ .ఆర్ఓడేటాకీ 4 మాత్రమే ఇస్తుంది. మాస్మ్‌లో .686, ఫ్లాట్ మోడల్ కలిస్తే .డేటా సెగ్మెంట్ పారా, అంటే 16. పైగా సెగ్మెంట్ అలైన్‌మెంట్‌ని మించి మీరు అలైన్ అడిగితే మాస్మ్ ఏ2189 అనే తప్పు చూపించి ఆగిపోతుంది. పాత నాస్మ్ ఆగదు. అడిగిన పాడింగ్ పెట్టేసి ఊరుకుంటుంది.

చిన్న ప్రోగ్రామ్‌లో నడిచి పెద్దదాంట్లో పడిపోవడానికి లెక్క ఇది. లింకర్ ఒక్కో ఆబ్జెక్ట్ ఫైలు .డేటాని దాని అలైన్‌మెంట్ ప్రకారం ఒకదాని వెనక ఒకటి పేరుస్తుంది. మీ ఫైలుకి ముందున్నవాటి డేటా 36 బైట్లు అనుకోండి. మీ సెక్షన్ అడిగింది 4 కాబట్టి అది ఆఫ్‌సెట్ 36 దగ్గర మొదలవుతుంది. గుణకాలు మీ సెక్షన్‌లో 16వ బైట్ దగ్గర ఉంటే చివరికి 52 దగ్గర పడతాయి. 52ని 16తో భాగిస్తే శేషం 4, మూవ్‌ఏపీఎస్ పడిపోతుంది. ముందున్న డేటా 32 అయి ఉంటే గుణకాలు 48 దగ్గర పడేవి, ఏ గొడవా ఉండేది కాదు. అంటే టెస్ట్ ప్రోగ్రామ్ నడవడం అదృష్టం మాత్రమే, లింక్ వరుస మారితే అదీ పడిపోవచ్చు.

మందు ఒక్క లైను:

    సెక్షన్ .డేటా అలైన్=16

ఈ లక్షణాన్ని ఫైలులో ఆ సెక్షన్ మొదటిసారి వచ్చే చోటే ఇవ్వండి. మధ్యలో .టెక్స్ట్‌కి వెళ్లి మళ్లీ .డేటాకి వచ్చినప్పుడు ఉత్త పేరు చాలు. ఏవీఎక్స్ (ఎస్ఎస్ఈ తర్వాత వచ్చిన 32 బైట్ల ఇన్‌స్ట్రక్షన్లు) కోసం 32 కావాలంటే అలైన్=32. కొత్త నాస్మ్‌లో అలైన్ మాక్రో తనంతట తనే సెక్ట్‌అలైన్‌ని పిలిచి సెక్షన్ అలైన్‌మెంట్ పెంచుతుంది, అయినా చేత్తో రాసి ఉంచడమే నయం. రేపు ఎవరి మెషిన్‌లో ఏ వెర్షన్ ఉంటుందో మనకి తెలియదు.

సరిచూసుకోవడం ఇలా. ఆబ్జెక్ట్ ఫైలు మీద ఆబ్జ్‌డంప్ -హెచ్ నడపండి. .డేటా వరుసలో చివరి కాలమ్ 2**2 అని ఉంటే రోగం అదే, 2**4 రావాలి. తర్వాత లింక్ అయిన ప్రోగ్రామ్ మీద ఎన్ఎం నడిపి గుణకాలు లేబుల్ అడ్రస్ చూడండి. 16 అలైన్‌మెంట్ అంటే హెక్స్ అడ్రస్‌లో చివరి అంకె 0. 32 అయితే అదొక్కటే చాలదు, దాని పక్క అంకె కూడా సరి సంఖ్య కావాలి: 00, 20, 40, 60 అలా. ఆబ్జెక్ట్ ఫైలులో ఎన్ఎం చూపించేది సెక్షన్ లోపలి ఆఫ్‌సెట్, దాన్ని చూసి మోసపోవద్దు.

మూడోదానికి: .బిఎస్ఎస్‌లో అలైన్ బదులు అలైన్‌బి వాడండి. నాస్మ్ అలైన్ ఏమీ చెప్పకపోతే నాప్ బైట్లు, అంటే హెక్స్ 90, పెడుతుంది. .బిఎస్ఎస్‌లో బైట్లు పెట్టే వీల్లేదు కాబట్టి హెచ్చరిస్తోంది. ఇదే .డేటాలో ఇంకో రకంగా కొడుతుంది. మాస్మ్ డేటా సెగ్మెంట్‌లో పాడింగ్‌ని సున్నాలతో నింపుతుంది, నాస్మ్ అక్కడా 90లే పెడుతుంది. సున్నా కనపడేదాకా టేబుల్ చదువుకుంటూ పోయే పాత కోడ్ ఉందంటే అది పాడింగ్‌లో ఉన్న సున్నా మీద ఆధారపడి ఉండొచ్చు. .డేటాలో ఎప్పుడూ ఇలా రాయండి:

    అలైన్ 16, డిబి 0

---

ఆఫ్‌సెట్_అప్పారావు

నిబుల్ గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను: లేబుల్ ఎక్కడుందో చూడండి. మాస్మ్‌లో పేరు, డేటా ఒకే లైనులో ఉంటాయి కాబట్టి పొరపాటుకి చోటు తక్కువ. మార్పిడి స్క్రిప్టులు లేబుల్‌ని విడి లైనుగా పైకి జరిపి, కింద అలైన్, దాని కింద డేటా రాస్తుంటాయి. అప్పుడు లేబుల్ పాడింగ్ మొదటి బైట్‌ని చూపిస్తుంది, డేటా ఎక్కడో కింద ఉంటుంది. మాస్మ్‌లో లేబుల్ డైరెక్టివ్‌తో రాసిన టేబుళ్ల దగ్గర ఇది ఎక్కువ. అలైన్ పైన, లేబుల్ కింద, వెంటనే డేటా. ఈ వరుస తప్పకూడదు.

ఇక స్ట్రక్చర్. మాస్మ్‌లో జెడ్‌పి8 ఉంటే ప్రతి ఫీల్డూ తన సైజు, 8, ఈ రెండిట్లో ఏది చిన్నదైతే దాని మీద అలైన్ అవుతుంది. ఆ స్విచ్ కమాండ్ లైన్‌లో ఉంటుంది, సోర్స్‌లో కనపడదు. అందుకే మార్పిడిలో జారిపోతుంది. నాస్మ్ స్ట్రక్‌కి ఇలాంటిదేమీ తెలియదు, ఫీల్డుల్ని ఒకదానికొకటి అంటించి పేరుస్తుంది. పైగా లినక్స్ 32 బిట్ సి కంపైలర్ స్ట్రక్చర్ లోపల డబుల్‌ని 4 మీదే అలైన్ చేస్తుంది, విండోస్‌లో 8 మీద. అంటే మీకు రెండు కాదు, మూడు అమరికలు ఉన్నాయి. ఒక ఉదాహరణ: డీవర్డ్ విలువ, రియల్8 లాభం, బైట్ జెండా, వర్డ్ ఐడి.

విండోస్ సి, 8 అలైన్‌మెంట్: విలువ 0, లాభం 8, జెండా 16, ఐడి 18, మొత్తం 24.
లినక్స్ 32 బిట్ సి: విలువ 0, లాభం 4, జెండా 12, ఐడి 14, మొత్తం 16.
నాస్మ్ ఉత్త స్ట్రక్: విలువ 0, లాభం 4, జెండా 12, ఐడి 13, మొత్తం 15.

చూశారా, రెండోదీ మూడోదీ లాభం వరకూ కలిసిపోయాయి. ఒక్క డబుల్ సరిగ్గా వచ్చిందని వదిలేస్తే ఐడి దగ్గర, ఇంకా ఘోరంగా అర్రేలో రెండో ఎలిమెంట్ నుంచి, దెబ్బ తింటారు. మీకు డబుల్ దగ్గరే చెత్త వస్తోందంటే మీ స్ట్రక్చర్‌లో దాని ముందున్న ఫీల్డుల్ని ఇలాగే లెక్కవేసి చూడండి, తేడా ఎక్కడ మొదలైందో తెలుస్తుంది.

నా సలహా: ఏ కంపైలర్ డిఫాల్ట్‌నీ నమ్మకుండా సి హెడర్‌లోనే పాడింగ్ ఫీల్డులు పేరు పెట్టి రాయండి. విలువ తర్వాత 4 బైట్లు, జెండా తర్వాత 1, ఐడి తర్వాత 4. అప్పుడు అందరికీ 24 వస్తుంది. నాస్మ్ వైపు ఇలా:

    స్ట్రక్ ఫిల్ట్
    .విలువ:  రెస్‌డి 1
             అలైన్‌బి 8
    .లాభం:   రెస్‌క్యూ 1
    .జెండా:  రెస్‌బి 1
             అలైన్‌బి 2
    .ఐడి:    రెస్‌డబ్ల్యు 1
             అలైన్‌బి 8
    ఎండ్‌స్ట్రక్

చివరి అలైన్‌బి మరిచిపోతే సైజు 20 దగ్గర ఆగిపోతుంది. ఒక్క ప్రతి ఉన్నంతకాలం ఏమీ తెలియదు, అర్రే అయితేనే బయటపడుతుంది.

ఎవరైనా ఫీల్డు కలిపితే అసెంబ్లర్ అరవాలంటే ఈ రెండు లైన్లు స్ట్రక్ కింద, ఏదో ఒక సెక్షన్‌లో పెట్టండి:

    టైమ్స్ (ఫిల్ట్_సైజ్ - 24) డిబి 0
    టైమ్స్ (24 - ఫిల్ట్_సైజ్) డిబి 0

సైజు 24 అయితే రెండూ సున్నా బైట్లే, ఏమీ చేరదు. పెరిగినా తగ్గినా రెండింటిలో ఒకటి రుణసంఖ్య అవుతుంది, నాస్మ్ ఆగిపోతుంది. మాస్మ్ వైపు ఇదే పని .ఎర్ఎన్‌జెడ్ చేస్తుంది, సి వైపు స్టాటిక్ అసర్ట్.

ఇంకొకటి. స్ట్రక్చర్ లోపల అమరిక సరిగ్గా ఉన్నంత మాత్రాన దాని ప్రతి సరైన అడ్రస్ మీద పడదు. ఇస్ట్రక్ (స్ట్రక్ ప్రతిని డేటాలో పెట్టే డైరెక్టివ్) ముందు అలైన్ 8 విడిగా రాయాలి. అలాగే స్ట్రక్చర్‌లో 16 బైట్ల వెక్టర్ ఉంటే సైజు కూడా 16 గుణిజం అయ్యేలా చూడండి. 24 బైట్ల అడుగు వేస్తే ఎలిమెంట్లు 0, 24, 48, 72 దగ్గర పడతాయి, ఒకటి విడిచి ఒకటి తప్పుతుంది. సరి ఇండెక్స్‌లకి నడిచి బేసికి పడిపోయే క్రాష్ కనిపిస్తే వెతకాల్సింది ఇదే.

మాస్మ్ అసలు ఆఫ్‌సెట్లు ఏమిటో ఊహించకండి. అదే జెడ్‌పి8తో, ఎఫ్ఎల్ స్విచ్ పెట్టి లిస్టింగ్ తీయండి. చివర ఉండే స్ట్రక్చర్ల పట్టికలో ప్రతి ఫీల్డు ఆఫ్‌సెట్టూ మొత్తం సైజూ హెక్స్‌లో ఉంటాయి. ఆ పట్టికే మీ కొలబద్ద.

---

పి2అలైన్

మ్యాక్ సంగతి చిన్నదే. గ్యాస్‌లో .అలైన్ అర్థం టార్గెట్‌ని బట్టి మారుతుంది. లినక్స్ ఎక్స్86 ఎల్ఫ్‌లో .అలైన్ 16 అంటే 16 బైట్లు. మ్యాక్‌లో ఆ సంఖ్య రెండు మీద ఘాతం, అంటే 2^16, 65536 బైట్లు. ఆర్మ్‌కి కూడా గ్యాస్ దాన్ని ఘాతంగానే తీసుకుంటుంది. తిరగేసి చూస్తే ఇంకా ప్రమాదం: మ్యాక్ కోసం రాసిన .అలైన్ 4 అంటే 16 బైట్లు, దాన్ని అలాగే లినక్స్‌కి తెస్తే 4 బైట్లే అవుతుంది. మొదటి రకం తప్పు సెక్షన్ ఉబ్బడం వల్ల కంటికి కనిపిస్తుంది, రెండోది కనపడదు.

కాబట్టి .అలైన్‌ని పూర్తిగా మానేయండి. .బిఅలైన్ 16 ఎక్కడైనా 16 బైట్లే, .పి2అలైన్ 4 ఎక్కడైనా 2^4. రెండింట్లో ఏదో ఒకటి పట్టుకుని ఫైలంతా అదే వాడండి. నాకైతే .పి2అలైన్ మీద మొగ్గు, కంపైలర్ల అవుట్‌పుట్‌లో కనిపించేదీ అదే కాబట్టి. మాస్మ్ నుంచి చేత్తో మార్చేవాళ్లకి మాత్రం .బిఅలైన్ సుళువు, సంఖ్య మార్చక్కర్లేదు. స్క్రిప్ట్‌తో .అలైన్‌ని .పి2అలైన్‌గా మార్చి సంఖ్యని 16గానే వదిలేయడం మామూలుగా జరిగే పొరపాటు, మార్చాక ఒకసారి గ్రెప్ కొట్టి 6 దాటిన సంఖ్యలన్నీ చూడండి. 2^6 అంటే 64, ఒక క్యాష్ లైను. అంతకు మించి డేటాకి కావాల్సి రావడం అరుదు.

నాస్మ్‌లా కాకుండా గ్యాస్‌లో మీరు అడిగిన అలైన్‌మెంట్ సెక్షన్ హెడర్‌కి దానంతట అదే ఎక్కుతుంది. డేటా సెక్షన్‌లో పాడింగ్ కూడా సున్నాలే.

ఆర్మ్ వైపు వెళ్లే ఆలోచన ఉంటే ఇంకో రెండు విషయాలు ఇప్పుడే తెలిసి ఉండటం మంచిది. ఆర్మ్ సొంత అసెంబ్లర్ ఆర్మ్ఆస్మ్‌లో డీసీడీ అనేది తనే 4 మీద అలైన్ అవుతుంది, ముందు 3 బైట్ల దాకా పాడింగ్ పెడుతుంది. డీసీడబ్ల్యూ 2 మీద. అలైన్ అవ్వకూడదంటే డీసీడీయూ, డీసీడబ్ల్యూయూ వాడతారు. ఆ డీసీడీని గ్యాస్ .వర్డ్‌గా మారిస్తే ఆ కనపడని పాడింగ్ పోతుంది. పైన ఉన్న బైట్లు 4 గుణిజం కాని ప్రతిచోటా డేటా జరిగిపోతుంది. కాబట్టి డీసీడీకి సమానం ఒక్క .వర్డ్ కాదు, .బిఅలైన్ 4, లేబుల్, .వర్డ్, ఈ మూడూ కలిసి. డీసీడీయూకి మాత్రం .వర్డ్ ఒక్కటే చాలు. రెండోది: ఆర్మ్ఆస్మ్‌లో ఏరియా లైనులోని అలైన్=4 ఘాతం, 16 బైట్లు. అదే ఫైలులో కింద రాసే అలైన్ 4 డైరెక్టివ్ బైట్లు. ఒకే మాట, ఒకే ఫైలు, రెండు అర్థాలు.

.వర్డ్ సైజు కూడా గుర్తుంచుకోండి: ఎక్స్86 గ్యాస్‌లో 2 బైట్లు, ఆర్మ్‌లో 4. రెండు చోట్లా నడవాల్సిన డేటా ఫైలులో .2బైట్, .4బైట్, .8బైట్ అని రాస్తే గొడవే ఉండదు.

---

యూపీఎస్

ఇంత తంటా ఎందుకు? మూవ్‌ఏపీఎస్‌లన్నీ అలైన్‌మెంట్ అడగని మూవ్‌యూపీఎస్‌గా మార్చేస్తే క్రాష్ పోతుంది కదా. ఇప్పటి ప్రాసెసర్లలో వేగం తేడా కూడా లేదు.

---

నిబుల్

వేగం మాట నిజమే. అలైన్ అయిన అడ్రస్ మీద రెండూ ఒకటే, అలైన్ కానప్పుడు 64 బైట్ల క్యాష్ లైను దాటితేనే అదనపు ఖర్చు. కానీ ఇక్కడ మందు అది కాదు.

ఎస్ఎస్ఈలో అలైన్‌మెంట్ అడిగేది మూవ్ ఒక్కటే కాదు. యాడ్‌పీఎస్, మల్‌పీఎస్, పీఎక్సార్, పీషఫ్‌బీ ఇవన్నీ మెమరీ ఆపరాండ్ 16 మీద ఉండాలనే అడుగుతాయి. మూవ్‌లు మార్చినా ఇవి పడిపోతాయి. అవన్నీ విడగొట్టి ముందు మూవ్‌యూపీఎస్‌తో రిజిస్టర్‌లోకి తేవాలంటే ఖాళీ రిజిస్టర్ కావాలి, 32 బిట్‌లో ఉన్నవి 8 ఎక్స్ఎంఎంలే. ఏవీఎక్స్ ఎన్‌కోడింగ్‌లో అయితే వీయాడ్‌పీఎస్ లాంటివి అలైన్‌మెంట్ అడగవు, వీమూవ్‌ఏపీఎస్ మాత్రం అక్కడా అడుగుతుంది, వైఎంఎం (32 బైట్ల రిజిస్టర్) అయితే 32.

రెండో కారణం పెద్దది. ఆయన రెండో సమస్యలో తప్పు ఆఫ్‌సెట్ చదువుతున్నారు. క్రాష్ ఆపితే తప్పు విలువ మౌనంగా లెక్కల్లో కలుస్తుంది. పోర్ట్ చేసేటప్పుడు మూవ్‌ఏపీఎస్ పడిపోవడం మీకు మేలే. అంతా కుదిరాక, బయటి వాళ్లు ఇచ్చే బఫర్లు చదివే చోట మాత్రం మూవ్‌యూపీఎస్ పెట్టుకోవచ్చు.

---

పాతకోడ్86

అందరికీ థ్యాంక్స్. సెక్షన్ లైనులో అలైన్=16 పెట్టాక .డేటా 2**4 అని చూపిస్తోంది, మొదటి క్రాష్ పోయింది. హెడర్‌లో పాడింగ్ ఫీల్డులు పెట్టాక సైజు మూడు చోట్లా 24. మ్యాక్‌లో .పి2అలైన్ 4 చేశాను, ఓటూల్ 2^4 అంటోంది.

మిగిలినవి రెండు. ఒక ఫంక్షన్‌లో మూవ్‌ఏపీఎస్ ఇంకా పడుతోంది, కానీ అది .డేటా కాదు, మాస్మ్‌లో లోకల్ అని ప్రకటించిన 16 బైట్ల తాత్కాలిక బఫర్, ఈబీపీ మైనస్ 16 దగ్గర. రెండోది, మ్యాక్ ఫైలులో సందేశాల టేబుల్ ఒక్కో ఎంట్రీకి ఒక్కో బైట్ చొప్పున జరుగుతూ పోతోంది.

---

ఆఫ్‌సెట్_అప్పారావు

టేబుల్ సంగతి: డిబి "పేరు", 0 అన్నదాన్ని .యాస్కిజ్‌గా మార్చి చివర సున్నాని కూడా వదలకుండా రాసి ఉంటారు. .యాస్కిజ్, .స్ట్రింగ్ రెండూ చివర సున్నా తామే చేరుస్తాయి. మీరు స్ట్రింగ్ లోపల ఇంకో సున్నా రాస్తే రెండవుతాయి. .యాస్కీ అయితే చేర్చదు. సున్నా చేత్తో రాసిన చోటల్లా .యాస్కీ వాడండి, లేదా సున్నా తీసేసి .యాస్కిజ్ ఉంచండి, రెండూ కలపొద్దు.

స్ట్రింగుల దగ్గర ఉండగానే ఇంకొకటి: డిడి లైనులో నాలుగక్షరాల గుర్తు ఏదైనా ఉంటే నాస్మ్ అక్షరాల్ని రాసిన వరుసలోనే మెమరీలో పెడుతుంది, మాస్మ్ తిరగేసి పెడుతుంది. ఫైల్ హెడర్ గుర్తులు సరిపోలకపోతే అలైన్‌మెంట్‌ని అనుమానించే ముందు ఇది చూడండి. అలాగే చదివిన విలువ ఏదో అడ్రస్‌లా కనిపిస్తే బ్రాకెట్లు పోయాయని అర్థం. మాస్మ్‌లో మూవ్ ఈఏఎక్స్, వేరియబుల్ అంటే అందులోని విలువ వస్తుంది, నాస్మ్‌లో బ్రాకెట్లు లేకపోతే దాని అడ్రస్ వస్తుంది.

---

నిబుల్

లోకల్ బఫర్‌కి సెక్షన్ అలైన్‌మెంట్‌తో పని లేదు, అది స్టాక్. 32 బిట్ విండోస్ స్టాక్‌కి 4 బైట్ల హామీ మాత్రమే ఇస్తుంది. కాబట్టి పాత కోడ్‌లో కూడా అది పిలిచే వరుస కలిసొచ్చి నడిచి ఉండాలి, లేదా పిలిచేవాళ్లు చేత్తో సరిచేస్తూ ఉండాలి. లినక్స్ 32 బిట్‌లో జీసీసీ కాల్ చేసే ముందు స్టాక్‌ని 16 మీద ఉంచుతుంది. కాల్ రిటర్న్ అడ్రస్ 4 బైట్లు నెడుతుంది, మీ పుష్ ఈబీపీ ఇంకో 4. అంటే ఈబీపీని 16తో భాగిస్తే శేషం 8. ఈబీపీ మైనస్ 16 కూడా శేషం 8 మీదే ఉంటుంది. అందుకే ప్రతిసారీ పడుతోంది.

ఈబీపీ మైనస్ 24 అని మారిస్తే ఇవాళ్టికి నడుస్తుంది, కానీ ఆ ఫంక్షన్‌ని ఇంకో అసెంబ్లీ ఫంక్షన్ పిలిస్తే మళ్లీ మొదటికొస్తుంది. ఇలా చేయండి:

    పుష్ ఈబీపీ
    మూవ్ ఈబీపీ, ఈఎస్‌పీ
    సబ్ ఈఎస్‌పీ, 16
    యాండ్ ఈఎస్‌పీ, -16

బఫర్‌ని ఈఎస్‌పీ నుంచి చూడండి, పారామీటర్లని ఎప్పటిలాగే ఈబీపీ నుంచి. బయటికి వచ్చేటప్పుడు లీవ్, రెట్. యాండ్ ఎన్ని బైట్లు దించిందో ముందే తెలియదు కాబట్టి చివర యాడ్ ఈఎస్‌పీ, 16 అని రాయకండి. ఈబీఎక్స్, ఈఎస్ఐ, ఈడీఐ దాచుకోవాలంటే సబ్‌కి ముందు, మూవ్ ఈబీపీ తర్వాత పుష్ చేయండి, తీసేటప్పుడు ఈబీపీ మైనస్ 4, మైనస్ 8, మైనస్ 12 నుంచి మూవ్‌లతో తెచ్చుకోండి. యాండ్ తర్వాత పుష్ చేస్తే అప్పుడే కుదిరిన అలైన్‌మెంట్ మళ్లీ పోతుంది.

మ్యాక్ 64 బిట్‌లో ఈ యాండ్ అక్కర్లేదు. ఫంక్షన్ మొదలయ్యే చోట ఆర్ఎస్‌పీ శేషం ఎప్పుడూ 8, ఒక్క పుష్ ఆర్‌బీపీతో 0 అవుతుంది, అక్కడి నుంచి 16 గుణిజాల్లో సబ్ చేస్తే చాలు. పుష్‌లు సరి సంఖ్యలో ఉంటే మాత్రం సబ్‌కి ఇంకో 8 కలపాలి.